సైకిలుకీ ఆది జాకెట్టు కావాలి!

2024 దీపావళి. శనగపిండి, బియ్యప్పిండి కలిపి, వాము నలిపి, వేడి నూనె పోసి కలిపితే పిండి చక్కగా కుదిరింది. మూకుడులో నూనె కాగింది. జంతికల గొట్టంలో పిండి కూరి నొక్కబోయాను. కుడి చెయ్యి నా మాట వింటేగా! ఉంగరం వేలూ చిటికెన వేలూ నావి కానట్టే ఉన్నాయి. గొట్టం జారి గట్టు మీద పడింది. ఇంకాస్త ఇటు పడితే మరిగే నూనెలోనే పడేది.

పైన సైకిలని పేరు పెట్టి ఈ జంతికల గోలేమిటి అంటారా? అక్కడికే వస్తున్నానండీ. నా వేళ్ళని అలా చేసింది సైకిలే. తిరిగి దారికి తెచ్చిందీ ఇంకో సైకిలే. మధ్యలో నేను నేర్చుకున్నది మీతో చెప్పుకోవాలనే ఈ ప్రయత్నం.

మాది పశ్చిమ గోదావరి జిల్లా తణుకు. ఆరో తరగతిలో గంటకి అర్ధరూపాయి అద్దె సైకిలు తీసుకుని, కాలవగట్టు మీద పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. పది పూర్తయ్యాక, 'ఇంకా సైకిలేమిటే' అన్నారు. సరే, మానేశాను. 1999లో పెళ్ళయి, మావారి ఉద్యోగం వల్ల కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊరు వచ్చాం. అప్పటి నా వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఇల్లు, వంట, తర్వాత అబ్బాయి, వాడి బడి, ట్యూషన్లు... ఇరవై మూడేళ్ళు ఎలా గడిచాయో గడిచాయి. 2022లో వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు. ఇల్లు బోసిపోయింది. గరాజులో వాడి సైకిలు మాత్రం మిగిలింది.

ఓ రోజు పొద్దున్న మావారు ఆఫీసుకెళ్ళాక దాన్ని బయటికి తీశాను. సీటు కిందికి దించి ఎక్కాను. ముప్ఫై ఏళ్ళయినా కాళ్ళు మర్చిపోలేదు సుమండీ!

మా ఊరి పక్కనే అలమేడా క్రీక్ అనే వాగుంది. దాని గట్టు వెంట సముద్రపాయ దాకా సుమారు 12 మైళ్ళ బాట. వాగుకి ఓ పక్క తారుబాట, రెండో పక్క మట్టీ కంకరా. తారుబాట మీద మొదలుపెట్టి, నెల తిరక్కుండా మట్టిబాటకి మారాను. ఆ చివర కొయోటీ హిల్స్ అని చిన్న చిన్న గుట్టలున్నాయి. గుట్ట మీద ఎండుగడ్డి వాసన, కింద ఉప్పు మడుగులు, నెత్తిన గద్దలు. అక్కడ నిలబడితే కాలవగట్టు మీది ఆరో తరగతి పిల్లనే అనిపించేది.

అయితే అబ్బాయి సైకిలు నాకు బాగా పెద్దది. వాడు ఐదడుగుల పది అంగుళాలు, నేను ఐదడుగుల ఒక అంగుళం. గంట తొక్కితే మెడ పట్టేసేది, అరచేతులు తిమ్మిరెక్కేవి. ఓసారి మావారి ముందు నోరు జారాను. ఆయన విని ఊరుకున్నారు. 2024 మేలో మా ఇరవై అయిదో పెళ్ళిరోజుకి గరాజు తలుపు తీసి చూద్దును కదా, తళతళలాడే కొత్త సైకిలు! ముందో స్ప్రింగు, వెనకో స్ప్రింగు, అల్యూమినియం ఫ్రేము. మూడు వేల డాలర్లు. "ఇంక నీ చేతులకి నొప్పుండదు" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నొప్పి మాత్రం తగ్గలేదండీ. నెలకే వేళ్ళలో తిమ్మిరి మళ్ళీ మొదలయింది. అంత ప్రేమగా, అంత ఖరీదు పెట్టి కొన్న మనిషితో 'నొప్పిగా ఉంది' అని ఎలా చెప్పను? 'ఎలా ఉందోయ్ సైకిలు?' అని అడిగినప్పుడల్లా 'బ్రహ్మాండంగా ఉందండీ' అన్నాను. అయిదు నెలలు అలాగే లాగాను. వయసొస్తోంది, అంతే కాబోలనుకున్నాను. చపాతీ పిండి ఎడం చేత్తో కలపడం నేర్చుకున్నాను. మనవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు లెండి. బిగుతు గాజులు, కరిచే చెప్పులు, ఎత్తు చాలని వంటగట్టు, అన్నిటితోనూ సర్దుకుపోతాం. తప్పు మన ఒంటిదే అనుకుంటాం.

జంతికల గొట్టం పడిన రోజు మావారు పక్కనే ఉన్నారు. గబగబా స్టవ్ ఆపి, నా చెయ్యి పట్టుకుని, "ఎన్నాళ్ళుగా?" అన్నారు. చెప్పేశాను. కోపం వస్తుందనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అయితే ఆ షాపులో ఎక్కి కూర్చుని చూసింది నేనే కదూ!" అన్నారు.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. నాకు తెలియకుండా కొనాలని ఆయనే వెళ్ళారట. చిన్న సైజు లేదు, మీడియం సరిపోతుందన్నారట షాపువాళ్ళు. ఆ షాపు పేరు మనకెందుకు లెండి. ఈయన ఎక్కి కూర్చుంటే ఈయన బరువుకి తగ్గట్టు స్ప్రింగుల్లో గాలి కొట్టి ఇచ్చారు. ఆయన 82 కిలోలు, నేను 56. అంటే నేను ఎక్కితే ఆ స్ప్రింగు సరిగ్గా అణగదు! అయిదడుగుల ఎనిమిది అంగుళాల మగమనిషి కొలతలకి కుట్టిన జాకెట్టు అయిదు నెలలు తొడుక్కున్నానన్నమాట. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ ఏడాది జంతికలు ఆయనే నొక్కారు. వంకరటింకరగా వచ్చాయి గానీ రుచికేం లోటు లేదు.

డాక్టరమ్మ దగ్గరికి వెళితే విషయం తేల్చి చెప్పింది. మోచేతి నుంచి చిటికెన వేలి దాకా అల్నార్ అనే నరం ఒకటి వస్తుంది. అది మణికట్టు దగ్గర, అరచేతి మడమ కిందనుంచి పోతుంది. ఒంటి బరువంతా హ్యాండిల్ మీద పడితే ఆ నరం నలుగుతుంది. ఉంగరం వేలూ చిటికెన వేలూ తిమ్మిరెక్కుతాయి. సైకిలు తొక్కేవాళ్ళలో ఇది మామూలేనట. అశ్రద్ధ చేస్తే చేతిలో పట్టు తగ్గిపోతుంది. "ఆరు వారాలు సైకిలు ముట్టుకోకండి. తర్వాత మీ ఒంటికి సరిపోయే సైకిలు ఎక్కండి" అంది.

ఇంక వెతకడం మొదలుపెట్టాను. ఈసారి నేనే!

మా ఇంటికి గంటకి పైగా దూరంలో, మరిన్ అనే జిల్లాలో ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరుంది. కొండల్లో తొక్కే సైకిలు పుట్టిల్లు అదే. అక్కడ 2015లో సైకిళ్ళ మ్యూజియం పెట్టారు. ఓ శనివారం ఇద్దరం వెళ్ళాం. 1970లలో ఆ జిల్లా కుర్రాళ్ళు పాత సామాన్ల కొట్లలో 1930, 40ల నాటి బరువు సైకిళ్ళు కొని, టామల్‌పైస్ పర్వతం చుట్టుపక్కల మట్టిబాటల్లో దిగేవారట. 1976లో పందేలు మొదలుపెట్టారు. రెండు మైళ్ళ బాటలో 1300 అడుగుల దిగుడు! వాటికి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కిందికి వచ్చేసరికి చక్రం ఇరుసులో గ్రీజు మాడి పొగలొచ్చేది. ప్రతిసారీ కొత్త గ్రీజు కూరాల్సిందే. అందుకే ఆ బాటకి 'రీప్యాక్' అని పేరు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన కొండల కోసమే స్టీలు గొట్టాలతో ఫ్రేము కట్టాడు. ఆ మొదటి సైకిలు ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది.

నా చూపు మాత్రం గోడ మీది ఫొటోల దగ్గర ఆగిపోయింది. ఆ మగపిల్లల గుంపుతో తనూ దిగుతూ, వాళ్ళ ఫొటోలు తీసి ఆ చరిత్రని నిలబెట్టింది వెండీ క్రాగ్ అనే ఆవిడ. జాకీ ఫెలన్ అని ఇంకొకావిడ 1980లలో వరసగా మూడేళ్ళు జాతీయ ఛాంపియను. తర్వాత ఆడవాళ్ళకి కొండసైకిలు నేర్పడానికి ఓ సంఘం పెట్టింది. దాని పేరేమిటో తెలుసా? 'ఆడవాళ్ళ కొండసైకిలు, తేనీటి సమాజం'! టీ లేందే మనకి ఏ పనీ సాగదు కదా, నాకు భలే నచ్చింది.

ఇంకొకటి గమనించాను. ముందు చక్రానికి స్ప్రింగు ఫోర్కు మార్కెట్టులోకి వచ్చింది 1989లో. అంతకుముందు వీళ్ళంతా కొండలు దిగింది స్ప్రింగు లేని స్టీలు సైకిళ్ళ మీదే. మా నాన్న అట్లాస్ సైకిలుకి వరసకి అన్నదమ్ములే అవి!

అలాగని స్ప్రింగులు దండగ అనడం లేదు. పెద్ద బండరాళ్ళ మీంచి వేగంగా దిగేవాళ్ళకి అవి కావాల్సిందే. నేను తొక్కేది మట్టిబాట, కాస్త కంకర, అక్కడక్కడా చెట్ల వేళ్ళు. పైగా స్ప్రింగులకి ఇన్ని గంటలకోసారి సీళ్ళు మార్చాలి, నూనె మార్చాలి. నాకు మిక్సీలాగా విప్పి తుడిచి పెట్టుకునే వస్తువు కావాలి. అందుకని గట్టి ఫోర్కున్న స్టీలు సైకిలే అనుకున్నాను. తెలిసినవాళ్ళు, 'ఉన్న స్ప్రింగులు తీసేసి చేతులకి నొప్పి తగ్గాలంటావేమిటి?' అని నవ్వారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి!

ముందు పాత సైకిళ్ళు చూశాను. ఇక్కడ గరాజు ముందు పాత సామాన్లు పెట్టి అమ్ముతారు. 1990ల నాటి స్టీలు కొండసైకిళ్ళు వంద, నూట యాభై డాలర్లకి దొరుకుతాయి. అది స్టీలో అల్యూమినియమో తెలియడానికి నా దగ్గరో చిట్కా ఉంది. ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం బొమ్మ సంచిలో వేసుకెళ్ళాను. స్టీలు ఫ్రేమైతే టక్కున అతుక్కుంటుంది, అల్యూమినియమైతే జారిపోతుంది. అమ్మేవాళ్ళు వింతగా చూసేవారు!

స్టీలంటే మన స్టీలు గిన్నెలనుకునేరు, ఇది ఇనప పెనానికి దగ్గర చుట్టం. తడి తగిలి పెయింటు లేచిన చోట తుప్పు పడుతుంది. అందుకని సీటు గొట్టం బయటికి లాగి లోపల తుప్పుందేమో చూడాలి. సత్తుగిన్నెలాంటి అల్యూమినియం కంటే బరువు ఎక్కువే. కానీ పెనంలాగే తుడిచి పెట్టుకుంటే తరాలు వస్తుంది.

ఆ పాత సైకిళ్ళు ముద్దొచ్చాయి గానీ నాకు పనికిరాలేదు. ఆ రోజుల్లో హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే 'స్టెమ్' అనే మెడముక్క జానెడు కాకపోయినా బెత్తెడుకి మించి ఉండేది. ఎక్కగానే ముందుకి సాగిలపడాల్సిందే. పైగా వాటి ఫోర్కులో రెండంగుళాలకి మించి వెడల్పు టైరు పట్టడం కష్టం. ఆ టైరు సంగతే అసలు కీలకం అని తర్వాత తెలిసింది.

'స్టీలు ఫ్రేము మెత్తగా ఉంటుంది' అని చాలామంది అంటారు. కొంత నిజమే కావచ్చు. కానీ అసలు మెత్తదనం టైర్లో గాలిది. టైరు వెడల్పయితే తక్కువ గాలితో నడుస్తుంది. చిన్న రాయి మీదకి ఎక్కినప్పుడు టైరే లోపలికి అణిగి రాయిని మింగేస్తుంది. అబ్బాయి సైకిలు టైర్లలో నేను 40 పౌన్ల గాలి కొట్టి తొక్కేదాన్ని. ఎండిన ఇడ్లీలా ఉండేవి. ఇప్పటి నా టైర్లు 2.8 అంగుళాల వెడల్పు, ముందు 13 పౌన్లు, వెనక 15. అది నా బరువుకి. మీరు 70 కిలోలుంటే ఇంకాస్త పెంచుకోవాలి. మరీ తగ్గిస్తే మలుపులో టైరు ఒరిగిపోతుంది, రాయికి రిమ్ము టంగుమని తగులుతుంది. వారం వారం ఒక్కో పౌను తగ్గించుకుంటూ, ఉప్పు సరిచూసుకున్నట్టు సరిచూసుకున్నాను.

ఇంక కొలతలు. మన టైలరు దగ్గరికి వెళితే ఏం చేస్తాం? ఆది జాకెట్టు ఇస్తాం. సైకిలుకి ఆది జాకెట్టు మన ఒళ్ళే.

మొదటిది, నిలబడే కొలత. సైకిలుకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే పై గొట్టానికీ మనకీ మధ్య రెండు మూడంగుళాల ఖాళీ ఉండాలి. కొండబాటలో ఎప్పుడు దిగి నిలబడాల్సొస్తుందో తెలీదు.

రెండోది చేతుల పరీక్ష. నా రోగం కుదిర్చింది ఇదే. మెల్లగా తొక్కుతూ రెండు అరచేతులూ హ్యాండిల్ మీంచి అంగుళం పైకెత్తండి. ఖాళీగా, చదునుగా ఉన్న చోట సుమా! నడుం స్థిరంగా నిలిచిందా, మంచిది. ఒళ్ళు ముందుకి తూలిందా, ఇన్నాళ్ళూ మీ బరువు మోస్తున్నది మీ మణికట్లేనన్నమాట. అలాంటప్పుడు హ్యాండిల్ దగ్గరగా రావాలి, సీటుకి సమానంగానో కాస్త పైకో ఉండాలి. పొట్టి మెడముక్క వేస్తే దగ్గరవుతుంది. కొసలు వెనక్కి వంగిన హ్యాండిల్ అయితే మణికట్టు వంకర తిరక్కుండా తిన్నగా ఉంటుంది.

మూడోది సీటు. మెత్తగా ఉంటే చాలనుకుంటాం. మన ఎముకలకి తగిన వెడల్పుండాలి. పార్సిలు డబ్బా అట్టముక్క ఒకటి గట్టి పీట మీద వేసి, దాని మీద కూర్చుని ముందుకి కాస్త వంగి లేవండి. రెండు గుంటలు పడతాయి. నాకు వాటి మధ్య దూరం 13 సెంటీమీటర్లు. దానికి రెండు మూడు కలిపి సీటు వెడల్పు చూసుకున్నాను. ఆడవాళ్ళకి సాధారణంగా ఈ దూరం మగవాళ్ళ కంటే ఎక్కువే.

నాలుగోది బ్రేకు. చిన్న చేతులకి బ్రేకు పిడి అందకపోతే వేళ్ళు సాగదీసి సాగదీసి నొప్పెడతాయి. చాలావాటికి పిడి దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే పిడి దగ్గరికొస్తుంది. రెండేళ్ళుగా ఆ స్క్రూ ఉందని నాకెవరూ చెప్పలేదు!

అయిదోది గేర్లు. ముందు పళ్ళచక్రం చిన్నది, వెనక పెద్దది ఉంటే ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్ళు బతికిపోతాయి. నా సైకిలుకి ముందు 30 పళ్ళు, వెనక పెద్దదానికి 46. నడిచే వేగంతోనే ఎక్కుతాను. అయితేనేం, ఎక్కుతాను కదా.

సర్లీ, జోన్స్ లాంటి కంపెనీలు గట్టి ఫోర్కుతో, వెడల్పు టైర్లతో స్టీలు సైకిళ్ళు చేశాయి. అలాంటిదే ఒకటి, చిన్న సైజుది, 2025 ఫిబ్రవరిలో ఓ ముసలాయన దగ్గర సెకండ్‌హ్యాండులో దొరికింది. ఆయన భార్య తొక్కిన సైకిలట. కొనేముందు ఆ వీధిలో ముప్పావుగంట తొక్కాను. చేతులెత్తి చూశాను, దిగాను, ఎక్కాను, స్క్రూ తిప్పాను. మావారు కారులో కూర్చుని ఒక్కమాట మాట్లాడలేదు. తర్వాత మెడముక్క మార్చి, సీటు మార్చి, మొత్తం మీద తొమ్మిది వందల డాలర్లలో తేలింది.

ఏప్రిల్‌లో చైనా క్యాంప్ అనే పార్కుకి తీసుకెళ్ళాం. ఒకప్పుడు చైనావాళ్ళు రొయ్యలు పట్టి బతికిన పల్లె అది. సముద్రపాయ పక్కనే ఓక్ చెట్ల నీడలో ఒంటిమనిషి బాట. స్ప్రింగు లేని సైకిలు మీద దిగుడులో కూర్చోకూడదు. పెడళ్ళు రెండూ సమానంగా పెట్టి లేచి నిలబడి, మోకాళ్ళూ మోచేతులూ వంచి, నడుం వెనక్కి వెయ్యాలి. అప్పుడు మన కీళ్ళే స్ప్రింగులు. రాయికి ఎదురెళ్ళకుండా పక్కనుంచి దారి చూసుకోవాలి. వేగంగా వచ్చేవాళ్ళకి పక్కకి జరిగి దారిచ్చేదాన్ని. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు కదా! ఒకచోట తడి వేరు మీద జారి పడ్డాను కూడా. మోచెయ్యి గీరుకుంది. లేచి మళ్ళీ ఎక్కాను.

రెండు గంటల తర్వాత బల్ల మీద కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకుంటుంటే మావారు, "వేళ్ళెలా ఉన్నాయి?" అన్నారు. ఈసారి నిజమే చెప్పాను. "చిటికెన వేలు కాస్త లాగుతోందండీ" అన్నాను. ఆయన సంచిలోంచి రెంచి తీసి ఇచ్చారు. హ్యాండిల్ కొసలు ఓ వేలెడు పైకి తిప్పి బిగించుకున్నాను. తిరుగుదారిలో ఆ లాగుడు లేదు.

ఆ మూడు వేల డాలర్ల సైకిలు ఏమయిందంటారా? అది మావారికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది! ఆదివారాలు నా వెనకే వస్తున్నారు. దిగుడులో ఆయన ముందు, ఎగుడులో నేను ముందు.

'మాకు కొండలెక్కడివమ్మా' అనకండి. విశాఖలో ఉన్నా తిరుపతిలో ఉన్నా కొండ కనిపిస్తూనే ఉంటుంది. సైకిలే వద్దనుకున్నా పోనీ, రేపు వంటింట్లో కత్తిపీట, గట్టు, స్టూలు ఒక్కసారి మీ కొలతతో చూసుకోండి. ఎక్కడైనా నొప్పెడుతుంటే అయిదు నెలలు దాచకండి. ఆ రోజే చెప్పండి.

2025 దీపావళికి రెండు కిలోల పిండి కలిపాను. గొట్టం నేనే నొక్కాను. చుట్టలు గుండ్రంగా వచ్చాయండోయ్!